అమెరికాలో పన్ను మోసం: ఏ ఫిర్యాదుకు ఏ ఫారం, ఏ భయానికి ఏ తాళం

అమెరికాలో ఉద్యోగం చేసేవారికి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) జనవరి నెలాఖరుకు చేతికొస్తుంది. దానికంటే రెండు వారాల ముందే ఫోను వస్తుంది. "అన్నా, నమస్తే. పోయిన ఏడాది రిఫండు ఎంత వచ్చింది? మేమైతే ఇంకో రెండు వేలు ఎక్కువ తెప్పిస్తాం." గొంతు హైదరాబాదుదో విజయవాడదో. మన పేరు, ఉంటున్న ఊరు, వీసా రకం అన్నీ తెలిసే మాట్లాడతాడు. ఇవన్నీ నీకెలా తెలుసని అడిగేవాళ్లు తక్కువ.

ఫిబ్రవరి వచ్చేసరికి వాట్సాప్ గుంపుల్లో ప్రశ్నలు మొదలవుతాయి. "నా రిటర్ను వెనక్కి వచ్చింది. నా నంబరు మీద ఎవరో ముందే ఫైల్ చేశారట." "మా కంపెనీ జీతంలో పన్ను కోసింది కానీ కట్టినట్టు లేదు." "పోయిన ఏడాది ఫైల్ చేసినతను నాకు లేని వ్యాపారాన్ని చూపించాడు." మూడింటికీ ఒకే జవాబు వస్తుంది: ఐఆర్‌ఎస్‌కు, అంటే అమెరికా పన్ను శాఖకు, ఫిర్యాదు చేయండి. మాట నిజమే కానీ దానితో పని జరగదు. ఈ మూడింటికీ ఐఆర్‌ఎస్‌లో మూడు వేర్వేరు కిటికీలున్నాయి. ఒక కిటికీలో ఇవ్వాల్సిన కాగితాన్ని ఇంకో కిటికీలో ఇస్తే నెలలు గడిచిపోతాయి.

నేను చూసినంతలో మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది మూడో రకం. బయటికి చెప్పుకోనిది కూడా అదే. ఆ రిటర్ను కింద సంతకం మనదే మరి.

## ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

దెబ్బ ఎవరికి తగిలింది? ప్రభుత్వానికి రావాల్సిన పన్నును ఇంకెవరో ఎగ్గొడుతుంటే మీరు సాక్షి. మీ సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో పన్నుకూ జీతానికీ వాడే గుర్తింపు సంఖ్య) వాడి ఎవరో రిఫండు కొట్టేస్తే మీరు బాధితులు. డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి మీ రిటర్నులో అబద్ధం రాస్తే, మీరు బాధితులా భాగస్వాములా అన్నది ముందు తేలాలి. ఫారం ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

మీ పేరు చెప్పగలరా? కొన్ని ఫారాల్లో పేరు ఐచ్ఛికం, కొన్నిటిలో ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. తర్వాత ఏమైందో తెలియకపోతే నిద్ర పట్టని మనస్తత్వమా మీది? ఒకరి పన్ను వివరాలు ఇంకొకరికి చెప్పకూడదని అమెరికా చట్టంలో గట్టి నియమం ఉంది. కాబట్టి చాలా ఫిర్యాదులు బావిలో వేసిన రాయిలా ఉంటాయి, చప్పుడు కూడా వినపడదు.

హెచ్-1బి (ఉద్యోగ వీసా), ఓపీటీ (చదువయ్యాక విద్యార్థులకిచ్చే పని అనుమతి) మీద ఉన్నవారికి అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ కాగితం తిరిగి నా ఉద్యోగం మీదికో వీసా మీదికో వస్తుందా?

| ఫారం | ఎప్పుడు | మీ పేరు | మీకు దక్కేది |
|---|---|---|---|
| 3949-ఎ | వేరే వ్యక్తి లేదా వ్యాపారం పన్ను ఎగ్గొడుతున్నప్పుడు | ఐచ్ఛికం | ఏమీ లేదు, ఫలితం కూడా చెప్పరు |
| 211 | పెద్ద ఎగవేతపై గట్టి ఆధారాలున్నప్పుడు | తప్పనిసరి, ప్రమాణంతో | వసూలైన దానిలో వాటా, ఏళ్ల తర్వాత |
| 14157 | రిటర్నులు వేసే మనిషి తప్పుడు పనులు చేసినప్పుడు | ఐచ్ఛికం | అతనిపై విచారణకు అవకాశం |
| 14157-ఎ | అతను మీ అనుమతి లేకుండా మీ రిటర్ను ఫైల్ చేసినా, మార్చినా | తప్పనిసరి | మీ ఖాతాను సరిచేయడం |
| 14039 | మీ నంబరుతో ఇంకెవరో ఫైల్ చేసినప్పుడు | తప్పనిసరి | మీ ఖాతా శుభ్రం, ఆలస్యంగా మీ రిఫండు |

## సాక్షి దారి: 3949-ఎ

ఆదాయం దాచడం, లేని మినహాయింపులు చూపడం, నగదులో జీతాలిచ్చి లెక్కలో చూపకపోవడం, ఉద్యోగి జీతంలో కోసిన పన్నును ప్రభుత్వానికి కట్టకపోవడం. వీటికి ఈ ఫారం. ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులోనే నింపి పంపవచ్చు, పోస్టులోనూ పంపవచ్చు. ఎదుటివారి నంబరు తెలియకపోయినా ఫరవాలేదు. పేరు, చిరునామా, ఏ ఏడాది, సుమారు ఎంత, మీకెలా తెలిసింది అన్నవి ఎంత స్పష్టంగా రాస్తే అంత ఉపయోగం. "పెద్ద ఇల్లు కొన్నాడు, ఎలా కొన్నాడో" అన్నది సమాచారం కాదు, అసూయ.

మనవాళ్లు తరచూ కలిపేసే విషయం ఒకటుంది. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వకపోవడం పన్ను మోసం కిందికి రాదు. హెచ్-1బి జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఫిర్యాదు కార్మిక శాఖకు వెళ్లాలి, అక్కడి ఫారం డబ్ల్యూహెచ్-4. జీతం ఇచ్చి, దానిలోంచి పన్ను కోసి, ఆ కోసింది జేబులో వేసుకుంటే అప్పుడు 3949-ఎ. హెచ్-1బికి మారినవారు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఏటా తమ సంపాదన నమోదవుతోందో లేదో చూసుకోవచ్చు. పే స్టబ్బులో (జీతం చీటీలో) కోత ఉండి అక్కడ ఆ ఏడాది ఖాళీగా ఉంటే గట్టిగా అనుమానించాల్సిందే. ఇక "పేరోల్ రన్ చేయడం" కోసం తన జీతం తానే యజమానికి కట్టుకున్న కుర్రవాళ్లు ఈ ఫారం ముట్టుకునే ముందు న్యాయవాదితో మాట్లాడాలి. అక్కడ వాళ్లు సాక్షులు మాత్రమే కారు.

పేరు రాయకపోతే దొరకమని అనుకోకండి. పది మంది ఉన్న కన్సల్టెన్సీలో ఆ లెక్క తెలిసినది ఇద్దరికే అయితే, మూడో మనిషి చెప్పక్కర్లేదు. పన్ను ఎగవేతను బయటపెట్టిన ఉద్యోగిపై కక్ష సాధించకూడదని 2019 చట్టం చెబుతోంది. ఉద్యోగం తీసేస్తే 180 రోజుల్లోగా కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ హెచ్-1బి మీద ఉద్యోగం పోయినవారికి ఉండే గడువు 60 రోజులు. చట్టం ఇచ్చే రక్షణ నిదానంగా నడిచొస్తుంది, వీసా గడియారం పరుగెడుతుంది. అందుకని నా సలహా: ముందు వేరే ఉద్యోగానికి మారండి, ఆ తర్వాత రాయండి. పన్ను మోసం ఆర్నెల్లలో పాతబడిపోయే విషయం కాదు.

## వాటా దారి: 211

దీని గురించి విన్నవాళ్లందరూ చెప్పే కథ ఒకటే. స్విట్జర్లాండుకు చెందిన యూబీఎస్ బ్యాంకులో పనిచేసిన బ్రాడ్లీ బిర్కెన్‌ఫెల్డ్‌కు 2012లో ఐఆర్‌ఎస్ 10.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదే కేసులో తన పాత్రకు ఆయన అప్పటికే జైలు శిక్ష అనుభవించాడన్న ముక్కను చాలామంది చెప్పరు.

నియమాలు 2006 చివరి నుంచి ఇవి: వివాదంలో ఉన్న మొత్తం 20 లక్షల డాలర్లు దాటాలి. ఎగ్గొట్టినది వ్యక్తి అయితే అతని వార్షికాదాయం 2 లక్షల డాలర్లు దాటాలి. అప్పుడు మీ సమాచారం వల్ల వసూలైన దానిలో 15 నుంచి 30 శాతం వరకు వాటా వస్తుంది. అంతకంటే చిన్న కేసుల్లో ఇవ్వడమా మానడమా అన్నది ఐఆర్‌ఎస్ ఇష్టం. అప్పీళ్లన్నీ ముగిసి డబ్బు నిజంగా వసూలయ్యాకే చెల్లింపు, అంటే ఏళ్లు. వచ్చినదాని మీద మళ్లీ పన్ను కట్టాలి.

పొరుగింటి రెస్టారెంటు నగదు బిల్లుల గురించి 211 నింపడం కాలహరణం. కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తూ, మీ పనిలో భాగంగా చూసిన కాగితాల్లోనే పెద్ద దొంగతనం కనపడితే ఆలోచించండి, అదీ న్యాయవాదితో. మీకు చూసే హక్కు లేని ఫైళ్లను ఫోటోలు తీసుకోవడం మొదలుపెడితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది.

## సంతకం మనది, అబద్ధం అతనిది: 14157, 14157-ఎ

మా పాత రూమ్మేటు సంగతి చెబుతాను. హెచ్-1బి మీద మొదటి ఏడాది. వాట్సాప్‌లో పరిచయమైన ఒక కన్సల్టెంటుకు డబ్ల్యూ-2, పాస్‌పోర్టు ఫోటో, సోషల్ సెక్యూరిటీ కార్డు అన్నీ ఆ వాట్సాప్‌లోనే పంపాడు. రెండు రోజుల్లో 30కి పైగా పేజీల పీడీఎఫ్ వచ్చింది. రిఫండు అంకె ఉన్న పేజీ చూసి, ఫోనులోనే సంతకం పెట్టేశాడు. మేమందరం అలాగే పెట్టేవాళ్లం.

ఏడాది తర్వాత ఇల్లు కొనడానికి బ్యాంకు రిటర్ను కాపీలు అడిగింది. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పేజీలు తిప్పుతుంటే షెడ్యూల్ సి అని ఒక కాగితం కనపడింది. అది సొంత వ్యాపారం చేసేవారిది. వ్యాపారం పేరు "కన్సల్టింగ్". ఆదాయం సున్నా. ఖర్చు 14,200 డాలర్లు, అందులో ఎక్కువ భాగం వ్యాపారం కోసం కారు తిరిగిన మైళ్లు.

"నువ్వేమైనా వ్యాపారం పెట్టావా?"

"లేదు. అసలు అప్పటికి నాకు కారే లేదు."

ఆ లేని కారు అతనికి దాదాపు 3,100 డాలర్ల ఎక్కువ రిఫండు తెచ్చింది. డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకోటి. హెచ్-1బి మీద ఉన్న మనిషి స్పాన్సరు చేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. తనకు సొంత వ్యాపారం ఉందని ప్రభుత్వానికి తానే రాసిచ్చినట్టయింది. ఇలాంటి కాగితం తర్వాతెప్పుడో గ్రీన్ కార్డు దగ్గర బయటపడితే ఏమని చెప్పుకోవాలి?

విద్యార్థుల దగ్గర ఇదే మోసం ఇంకో రూపంలో ఉంటుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవారు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు 1040-ఎన్ఆర్ (నాన్-రెసిడెంట్ల రిటర్ను) వేయాలి. దానికి బదులు మామూలు 1040 వేసి, అర్హత లేని విద్యా క్రెడిట్లు కలిపి రిఫండు పెంచుతారు. మనవాళ్లకు న్యాయంగా దక్కే వెసులుబాటు వేరే ఉంది: భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం భారతీయ విద్యార్థులు 1040-ఎన్ఆర్ మీదే స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కించే ముందు ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చు. చాలా దేశాల విద్యార్థులకు ఆ వీలు లేదు. ఎక్కువ రిఫండు ఇప్పిస్తానన్న కన్సల్టెంటుకు ఈ ఒప్పందం సంగతి తెలుసో లేదో అడిగి చూడండి.

ఇక ఎంపిక. కన్సల్టెంటు మీకు చూపించిన రిటర్ను ఒకటి, పంపినది ఇంకొకటి అయితే, లేదా మీరు సంతకమే పెట్టకుండా ఫైల్ చేస్తే, లేదా రిఫండులో కొంత తన ఖాతాకు మళ్లిస్తే, 14157, 14157-ఎ రెండూ కలిపి ఆధారాలతో పంపాలి. మా రూమ్మేటు విషయం అలాంటిది కాదు. అతను సంతకం పెట్టిన కాగితంలోనే ఆ అబద్ధం ఉంది, చదవలేదంతే. ఎవరు తయారుచేసినా రిటర్నులో ఉన్నదానికి జవాబుదారీ సంతకం పెట్టినవారిదే. అందుకని అతను 1040-ఎక్స్‌తో సవరించిన రిటర్ను వేసి, ఎక్కువొచ్చినది వడ్డీతో కట్టేశాడు. ఆ తర్వాత 14157 ఒక్కటే పంపాడు. ఈ వరుస ముఖ్యం. ముందు మీ లెక్క సరిచేసుకోండి, తర్వాత అతని సంగతి రాయండి. "మూడేళ్లు దాటితే ఏం చేయలేరులే" అని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. మోసపూరిత రిటర్నుకు ఆ మూడేళ్ల గడువు వర్తించదు.

కొత్తగా మనిషిని ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి తక్కువే. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసే ప్రతివారికీ పీటిన్ అనే నంబరు ఉండాలి, రిటర్ను మీద అది రాసి వాళ్లూ సంతకం పెట్టాలి. మీ పీడీఎఫ్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే, మీరే తయారుచేసుకున్నట్టు అతను చూపిస్తున్నాడన్నమాట. ఫీజు రిఫండులో శాతంగా అడిగితే లేచి వచ్చేయండి. ఇంకొక నియమం మన హైదరాబాదు ఆఫీసులకు నేరుగా తగులుతుంది. అమెరికాలోని పన్ను సంస్థ మీ వివరాలను దేశం బయట పనిచేసే వారికి పంపాలంటే ముందు మీ రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. తగిన భద్రతా ఏర్పాట్లు లేకపోతే మీ సోషల్ సెక్యూరిటీ నంబరు అసలు పంపకూడదు. మీకు అలాంటి సమ్మతి పత్రం ఎప్పుడైనా ఎవరైనా ఇచ్చారా? హైదరాబాదులో పనిచేసేవాళ్లంతా మోసగాళ్లని అనడం లేదు, వాళ్లలో పీటిన్ ఉన్న నిఖార్సయిన లెక్కల మనుషులున్నారు. కానీ వాట్సాప్‌లో పంపిన కార్డు ఫోటో ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరూ చెప్పలేరు.

## బాధితుల దారి: 14039

ఈ-ఫైల్ వెనక్కి వచ్చింది, మీ నంబరుతో రిటర్ను ఇప్పటికే ఉందంటోంది. గుండె జారకముందు రెండు చూడండి. అంకె ఏదైనా తప్పు కొట్టారా? సమస్య మీ నంబరుతోనా, పిల్లల నంబరుతోనా? విడిపోయిన భార్యాభర్తలిద్దరూ ఒకే బిడ్డను చూపించుకోవడం గుర్తింపు దొంగతనం కిందికి రాదు.

నిజంగా దొంగతనమే అయితే 14039 పంపి, మీ రిటర్నును కాగితం మీద పోస్టులో పంపాలి. ఏప్రిల్ 15 గడువు మీ కోసం ఆగదు, కట్టాల్సింది ఉంటే కట్టాలి. ఒక మినహాయింపు: 5071సీ, 4883సీ, 5747సీ నంబర్లున్న ఉత్తరం ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిందంటే, అనుమానాస్పద రిటర్నును వాళ్లే ఆపి మిమ్మల్ని అడుగుతున్నారని అర్థం. అప్పుడు 14039 అక్కర్లేదు. ఆ ఉత్తరంలో చెప్పినట్టు మీరెవరో నిరూపించుకుని, ఆ రిటర్ను మీది కాదని చెబితే చాలు.

కాలం సంగతి దాచడం ఎందుకు. ఇలాంటి కేసులు తేలడానికి దాదాపు రెండేళ్లు పడుతోందని 2024లో ఐఆర్‌ఎస్‌లోనే ఉండే పన్ను చెల్లింపుదారుల ప్రతినిధి కార్యాలయం గట్టిగా విమర్శించింది. రిఫండు చివరికి వస్తుంది. ఆ రిఫండుతో టికెట్లు కొందామనుకున్న ప్రయాణం మాత్రం రెండు సంక్రాంతులు దాటిపోవచ్చు. ఫోనులో సహాయానికి ఐఆర్‌ఎస్ గుర్తింపు దొంగతనం విభాగం నంబరు 800-908-4490.

మిగిలినవి క్లుప్తంగా. గుడి, సంఘం, ధర్మసంస్థ పేరుతో పన్ను మినహాయింపు పొంది ఆ డబ్బు సొంతానికి వాడుతుంటే ఫారం 13909. ఐఆర్‌ఎస్ పేరుతో ఫోను చేసి, గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పకపోతే అరెస్టు చేస్తామనేవాళ్ల మీద ఫిర్యాదు టిగ్టా అనే ప్రత్యేక తనిఖీ సంస్థకు. 2016 అక్టోబరులో ముంబై పక్కనున్న మీరా రోడ్డులో పోలీసులు పట్టుకున్నది ఇలాంటి కాల్ సెంటర్లనే. కాబట్టి యాస మనదిలా ఉందని నమ్మేయకండి, అమెరికన్ యాస అని భయపడకండి. ఐఆర్‌ఎస్ సాధారణంగా ముందు ఉత్తరమే రాస్తుంది. రాష్ట్రానికి వేరే ఆదాయపు పన్ను ఉన్న న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి చోట్ల రాష్ట్ర పన్ను శాఖకు విడిగా చెప్పాలి. టెక్సాస్‌లో ఆ బాధ లేదు.

## ఇక తాళాలు

2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ సమాచార సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. మీ నంబరు ఇప్పటికే ఎక్కడో ఉందనుకునే జాగ్రత్తలు ఎంచుకోవడం మంచిది.

| తాళం | ఏది ఆపుతుంది | ఏది ఆపదు | ఖర్చు, ఇబ్బంది |
|---|---|---|---|
| ఐపీ పిన్ | మీ నంబరుతో దొంగ రిటర్ను | అప్పులు, ఉద్యోగాలు | ఉచితం, ఏటా కొత్త అంకె |
| క్రెడిట్ ఫ్రీజ్ | మీ పేరుతో కొత్త అప్పులు | దొంగ రిటర్ను | ఉచితం, మూడు చోట్ల విడిగా చేయాలి |
| ఈ-వెరిఫై (ఉద్యోగ అర్హత తనిఖీ వ్యవస్థ) సెల్ఫ్ లాక్ | మీ నంబరుతో ఇంకొకరి ఉద్యోగం | రిటర్ను, అప్పులు | ఉచితం, ఉద్యోగం మారేటప్పుడు తీయాలి |
| నెలవారీ నిఘా సేవలు | ఏదీ ఆపవు, జరిగాక చెబుతాయి | అన్నీ | నెలనెలా డబ్బు |
| తొందరగా ఫైల్ చేయడం | దొంగకు దొరికే సమయం | అంతకంటే తొందరపడే దొంగ | ఆలస్యంగా వచ్చే 1099 (జీతం కాని ఆదాయాల పత్రం) వల్ల సవరణ |

ఒక్కటే ఎంచుకోమంటే ఐపీ పిన్ అంటాను, ఆలోచించకుండా. ఆరు అంకెలు. ఏటా మారుతుంది. మీకూ ఐఆర్‌ఎస్‌కూ, మీ తరఫున ఫైల్ చేసేవారికీ తప్ప ఎవరికీ తెలియకూడదు. అది లేకుండా మీ నంబరుతో ఈ-ఫైల్ చేస్తే వెంటనే తిరస్కరిస్తారు. ఒకప్పుడు ఇది దొంగతనానికి గురైనవారికే ఇచ్చేవారు, 2021 నుంచి అందరూ అడిగి తీసుకోవచ్చు. ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారికి ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు) ఉండి, హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబ వీసా) మీదున్న జీవిత భాగస్వాములూ తీసుకోవచ్చు.

తీసుకునే దారులు మూడు. ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ ఖాతా వేగమైనది. గుర్తింపు కార్డు, ముఖం ఫోటో అడుగుతుంది, పది పదిహేను నిమిషాల పని. నవంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారాల దాకా ఆ సదుపాయం మూసి ఉంటుంది కాబట్టి డిసెంబరు సెలవుల్లో చూద్దాంలే అనుకోకండి. కెమెరా ముందు ముఖం చూపడం ఇష్టం లేనివారికి ఫారం 15227 ఉంది. 2025 లెక్కలో ఆదాయం ఒంటరి వారికి 84,000, దంపతులకు 1,68,000 డాలర్ల లోపు ఉండాలి. ఫోనులో మాట్లాడి నిర్ధారించుకుని అంకెను పోస్టులో పంపుతారు. మూడోది నేరుగా ఐఆర్‌ఎస్ కార్యాలయానికి వెళ్లడం, అపాయింట్‌మెంటుతో. 18 ఏళ్లలోపు పిల్లలకు ఆన్‌లైన్ ఖాతా రాదు, వారికి ఫారమో కార్యాలయమో తప్పదు.

పిల్లలకు ఎందుకంటారా? పదేళ్ల బిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబరును ఎవరూ తనిఖీ చేయరు. అందుకే దొంగలకు అది ముద్దు. ఇంకో లాభం కూడా ఉంది. మీ బిడ్డను ఇంకెవరో తమ రిటర్నులో ముందే చూపించుకుంటే ఒకప్పుడు మీరు కాగితం మీద ఫైల్ చేయాల్సి వచ్చేది. 2025 సీజను నుంచి మీ ఐపీ పిన్ ఉంటే ఈ-ఫైల్ తీసుకుంటున్నారు.

క్రెడిట్ ఫ్రీజ్‌ను 2018 సెప్టెంబరు నుంచి ఫెడరల్ చట్టం ఉచితం చేసింది. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ విడివిడిగా చేయాలి. ఇల్లు, కారు కొనే ముందు తాత్కాలికంగా తీయాలి, అంతే. ఇది పెట్టుకుని పన్ను విషయంలోనూ భద్రంగా ఉన్నామనుకునేవారిని చాలామందిని చూశాను. ఈ తాళం ఆ తలుపుకు పట్టదు.

సెల్ఫ్ లాక్ విషయంలో ఓపీటీవాళ్లు జాగ్రత్త. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) చదివినవారి ఓపీటీ పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలి. కొత్త కంపెనీ మీ నంబరు పరిశీలించే రోజు మీరే వేసుకున్న తాళం మీకే అడ్డుపడుతుంది. ఏటా ఉద్యోగం మారే వయసులో దీని జోలికి పోకపోవడమే నయం.

నిఘా సేవలకు నెలనెలా డబ్బు కట్టమని నేను ఎవరికీ చెప్పను. ఏదైనా కంపెనీ మీ వివరాలు పోగొట్టుకుని పరిహారంగా ఉచితంగా ఇస్తే తీసుకోండి.

## ఎవరికి ఏది

ఓపీటీ మీద మొదటి ఏడాది విద్యార్థి: ఐపీ పిన్ తీసుకుని, ఎవరికైనా డబ్బిచ్చి ఫైల్ చేయిస్తే ప్రతి పేజీ చదవండి. షెడ్యూల్ సి అన్న మాట కనపడితే అక్కడే ఆగండి. చిన్న కన్సల్టెన్సీలో హెచ్-1బి ఉద్యోగి: ముందు ఆధారాలు భద్రపరచుకోండి, అంటే మీ పే స్టబ్బులు, మీ డబ్ల్యూ-2లు, మీకు వచ్చిన మెయిళ్లు. 3949-ఎ కోసం వేరే ఉద్యోగం దొరికేదాకా ఆగవచ్చు. ఇల్లు, పిల్లలు ఉన్న కుటుంబం: నలుగురుంటే నాలుగు ఐపీ పిన్‌లు, మూడు చోట్ల ఫ్రీజ్. ఒక శనివారం సరిపోతుంది, పిల్లల ఫారాలు మాత్రం పోస్టులో నిదానిస్తాయి.

ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్నవారి సంగతి వేరు. మీరు విమానం ఎక్కాక కూడా మీ సోషల్ సెక్యూరిటీ నంబరు అమెరికాలోనే ఉంటుంది, కాపలా లేని ఇల్లులా. రెండేళ్లు ఎవరూ ఫైల్ చేయని నంబరు దొంగకు సుఖం. అందుకని వెళ్లే ముందే ఆన్‌లైన్ ఖాతా తెరిచి ఐపీ పిన్ తీసుకోండి. ఏటా కొత్త అంకె కోసం ఆ ఖాతాలోకి వెళ్లాలి, వెళ్లాలంటే కోడు ఫోనుకు వస్తుంది. ఆ ఫోను నంబరు మీరు హైదరాబాదులో దిగిన నెలకో రెండు నెలలకో రద్దవుతుంది. మన సీనియర్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుపోయారు. సిమ్ వదిలేయకముందే కోడును ఎస్సెమ్మెస్‌కు బదులు ఫోనులోని అథెంటికేటర్ యాప్‌కు మార్చుకోండి. ఫారం 8822తో కొత్త చిరునామా కూడా తెలియజేయండి, లేకపోతే 5071సీ ఉత్తరం వచ్చినా పాత అపార్టుమెంటు పోస్టుబాక్సులోనే పడి ఉంటుంది.